మొదటి కొలువు, మొదటి మూడు నెలలు

(సమాఖ్య వార్షిక మహాసభలో యువత ఉపాధి ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఇంట్లో వంట ముగించుకుని కొందరు, పనికి సెలవు పెట్టుకుని కొందరు వచ్చారు. ఎక్కువ సాగదీయకుండా విషయంలోకి వస్తాం.

నిరుడు ఇదే సభలో మా ఉపసంఘం నివేదిక చదివాం. అందులో "ఉద్యోగాల్లో చేరిన యువత" అని ఒక గడి ఉంది. ఆ అంకె చదవగానే అందరూ చప్పట్లు కొట్టారు. మాకూ సంతోషమైంది. సభ అయిపోయి భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు ఒక అక్క మమ్మల్ని అడిగింది: "చేరినోళ్ల లెక్క చెప్పిండ్రు, మంచిదే. ఇప్పుడు ఎందరు పోతున్నరు పనికి?"

మా దగ్గర జవాబు లేదు. ఆ అక్క కొడుకు పేరు కూడా మా లిస్టులో ఉంది. చేరిన మూడో వారానికే అతను మానేశాడు. మనం చప్పట్లు కొట్టిన అంకెలో అతనూ ఉన్నాడు.

అప్పు విషయంలో మనం ఇలా చేస్తామా? బ్యాంకు లింకేజీ డబ్బు ఖాతాలో పడిన రోజే పని అయిపోయిందని పుస్తకం మూసేస్తామా? నెలనెలా కిస్తీ వచ్చిందా లేదా చూస్తాం. ఒక నెల తప్పితే ఇంటికి పోయి "ఏమైంది వదినా, ఒంట్లో బాగలేదా" అని అడుగుతాం. సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు. ఈ పంచసూత్రాలు మన అందరికీ నోటికి వచ్చు. పిల్లల్ని ఉద్యోగంలో చేర్పించిన రోజు మాత్రం ఫొటో తీశాం, పేరు రాసుకున్నాం, పుస్తకం మూసేశాం. తప్పు మాది. ఆ తప్పు దిద్దుకోవడానికి ఈ ఏడాది ఏం చేశామో, మీ దగ్గర ఏం అడగాలనుకుంటున్నామో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

మా ఉపసంఘంలో ఐదుగురం. ఒకరు హాస్టల్లో వంట చేస్తారు, ఒకరికి టిఫిన్ బండి ఉంది, ఇద్దరు బట్టలు కుడతారు, ఒకరు ఇదివరకు ఆర్‌.పి.గా పనిచేశారు. డిగ్రీ చదివినవాళ్లు ఎవరూ లేరు. లిస్టు చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. పిల్లలతో కూర్చున్నాం, తల్లులతో విడిగా కూర్చున్నాం. మానేసినవాళ్లలో ఎక్కువమంది మొదటి నెలలోనో రెండో నెలలోనో మానేశారు. మూడు నెలలు దాటినవాళ్లలో ఎక్కువమంది ఇంకా ఏదో ఒక పనిలో ఉన్నారు.

తిరగకముందు మేం అనుకున్నది ఒకటే. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు, ఫోన్లు చూసి చెడిపోయారు అని. తిరిగాక తెలిసింది వేరు. మూడిళ్ల సంగతి చెప్తాం. పేర్లు చెప్పం. ఆ తల్లులు ఈ సభలోనే ఉన్నారు, వాళ్లను అడిగే చెప్తున్నాం.

చీరల షాపు అమ్మాయి

ఒక అమ్మాయి ఇంటర్ పాసై ఒక బట్టల షాపులో సేల్స్‌లో చేరింది. మాట మంచిది. తల్లి కుట్టుమిషను పక్కనే పెరిగింది కాబట్టి ఏ బట్ట ఏదో చెయ్యి పెట్టి చెప్తుంది. అలాంటి పిల్ల పదకొండో రోజు మానేసింది. తల్లికి కోపం వచ్చింది. "పదకొండు దినాలు సుత నిలవలే, దీన్ని ఏం జెయ్యాలె" అంది. మేమూ ముందు ఆ అమ్మాయినే మందలించాం.

రెండోసారి పోయినప్పుడు తల్లి ఇంట్లో లేదు. అప్పుడు చెప్పింది. "ఆంటీ, పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలె. కాళ్లు వాచినయ్. నెలసరి వచ్చింది. బాత్రూంకు పోవాలంటే సూపర్‌వైజర్ సార్‌ను అడగాలె. అడగలేక నీళ్లు తాగుడు బంద్ జేసిన."

ఇది విని మేం తల దించుకున్నాం. మనలో నిలబడి పనిచేయని వాళ్లెవరు? ఆ నొప్పి మనకు తెలియదా? తెలిసి కూడా మేం ఆ పిల్లను అడగలేదు. తర్వాత ఆ షాపులోనే పనిచేసే ఇంకో ఆమెను కలిశాం. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇద్దరిద్దరు చొప్పున వెనక గదిలో కాసేపు కూర్చోవచ్చనీ, బాత్రూంకు పోవాలంటే పక్క కౌంటర్ ఆమెకు చెప్పి పోతే చాలనీ ఆమె చెప్పింది. ఆ మాట కొత్తగా వచ్చిన పిల్లకు ఎవరూ చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం "ఎట్లుంది బిడ్డా" అని అడిగే మనిషి ఉంటే, ఆ సంగతి మూడో రోజే తెలిసేది.

అన్నిటికీ సర్దుకుపొమ్మని మేం చెప్పడం లేదు. పన్నెండు గంటలు నిలబెట్టడం మామూలు సంగతి అనుకోవద్దు. కేరళలో కోళికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే చేసింది. అడిగినవాళ్లు మనలాంటి ఆడవాళ్లే. మన అమ్మాయి ఆ షాపుకు తిరిగి పోలేదు. కొన్నాళ్లకు వేరే చోట బిల్లింగ్ కౌంటర్‌లో చేరింది. ఈసారి మాలో ఒకరు మొదటి వారం రోజూ రాత్రి ఫోన్ చేశారు. ఇప్పటికీ పోతోంది.

జీతం చీటీ

రెండో ఇంటి సంగతి. కొత్తపేట పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారానికి తరలించినప్పుడు మన సభ్యుల ఇళ్లలో చాలామందికి దెబ్బ తగిలింది. అక్కడ హమాలీగా పనిచేసే ఒకాయనకు రోజూ అంత దూరం పోవడం కుదరలేదు. ఇంటి భారం పెద్ద కొడుకు మీద పడింది. ఒక గోడౌన్‌లో కంప్యూటర్ ఎంట్రీ పని దొరికింది. జీతం 14,000 అన్నారు. మొదటి నెల ఖాతాలో 12,215 పడింది. తల్లి భయపడింది. "పద్నాలుగు అని చెప్పి పన్నెండు ఇచ్చిండ్రు, రెండో నెల ఇంకెంత కోస్తరో" అని పిల్లవాణ్ని ఆపేసింది.

మాకు తెలిసేసరికి నెల దాటింది. చీటీ తెప్పించి చూశాం. మోసం లేదు. పి.ఎఫ్. కింద 12 శాతం, అంటే 1,680. ఈ.ఎస్‌.ఐ. కింద 0.75 శాతం, అంటే 105. రెండూ కలిపితే 1,785. పద్నాలుగు వేలలో అది తీసేస్తే 12,215. లెక్క సరిగ్గా ఉంది.

పి.ఎఫ్. డబ్బు ఎక్కడికీ పోదు. పిల్లవాడి పేరు మీదే జమ అవుతుంది. యజమాని కూడా తన వంతు 12 శాతం కడతాడు, అందులో కొంత పెన్షన్ ఖాతాకు పోతుంది. ఉద్యోగం మారినా యు.ఏ.ఎన్. నంబరు ఒకటే ఉంటుంది. మన పొదుపు లాంటిదే అనుకోండి, కాకపోతే మనం వంద వేస్తే ఇంకొకరు కూడా వంద వేసే పొదుపు. ఇక ఈ.ఎస్‌.ఐ. నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. యజమాని 3.25 శాతం కడతాడు. ఉద్యోగికే కాదు, ఆ ఉద్యోగి మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం ఉంటుంది. సనత్‌నగర్‌లో, నాచారంలో ఈ.ఎస్‌.ఐ. ఆసుపత్రులు ఉన్నాయి. ఆ ఇంట్లో తండ్రికి నడుం నొప్పి. నెలకు 105 రూపాయలతో ఆయనకు వైద్యం దొరికేది.

తల్లికి ఇదంతా చెప్పాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందుగాల చెప్పకపోతిరి" అంది. పిల్లవాడు తిరిగి పోయి అడిగాడు. ఆ చోట అప్పటికే ఇంకొకరు చేరిపోయారు. మళ్లీ పని దొరకడానికి ఐదు నెలలు పట్టింది. చేరకముందు ఒక్క గంట ఆ తల్లీకొడుకులతో కూర్చుని ఉంటే ఆ ఐదు నెలలు పోయేవి కావు. ఆమె మా మీద కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

కొన్న ఉద్యోగం

మూడో సంగతి చెప్పడానికి కష్టంగా ఉంది. మన గల్లీలు మీకు తెలుసు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మెట్రో స్టేషన్ దిగితే చాలు, గోడ ఖాళీ లేకుండా కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ కోర్సులు. నల్గొండ నుంచి, ఖమ్మం నుంచి, పాలమూరు నుంచి పిల్లలు ఇక్కడికే వస్తారు. వాళ్లకు వండిపెట్టి, బట్టలు కుట్టి బతికేవాళ్లం మనమే. ఆ బోర్డుల మధ్యలో మోసం చేసేవాళ్లు కూడా బోర్డు పెట్టుకుంటారు.

ఒక సభ్యురాలు "కొడుకు చదువుకు" అని సంఘంలో అంతర్గత అప్పు తీసుకుంది. ఆ డబ్బు, దానికి తోడు మెడలో గొలుసు కుదువపెట్టిన డబ్బు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పిస్తామన్న ఒక ఆఫీసులో కట్టింది. ఆఫర్ లెటర్ అని ఒక కాగితం ఇచ్చారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకున్నారు. చేరమన్న తేదీకి పోతే ఆఫీసుకు తాళం. పోలీసు ఫిర్యాదు ఇచ్చాం. డబ్బు ఇంకా రాలేదు. సర్టిఫికెట్లకు డూప్లికేట్ తీసుకోవడానికే పిల్లవాడు బోర్డు చుట్టూ, కాలేజీ చుట్టూ తిరిగాడు.

ఆమె మూడు సమావేశాలకు రాలేదు. సంఘంలో కొందరు "అబద్ధం చెప్పి అప్పు తీసుకుంది" అన్నారు. ఇంకొకరు లేచి "మనం అడిగినమా, ఏ చదువు, ఏ కాలేజీ అని?" అన్నారు. ఆ సంఘం మంచి పని చేసింది. కిస్తీ తగ్గించి గడువు పెంచింది, మాట అనకుండా పిలుచుకుంది. ఆమె ఈ రోజుకీ రాత్రి పదకొండు దాకా కుట్టి కిస్తీ కడుతోంది. ఒక్కటి కూడా తప్పలేదు.

అందుకని అందరికీ ఒక మాట. ఉద్యోగం కొనుక్కునేది కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, బ్యాక్‌డోర్, ట్రైనింగ్ బాండ్, ఏ పేరు పెట్టి అడిగినా ముందు మా దగ్గరికి రండి. ఎంప్లాయిమెంట్ ఎక్స్చేంజీలో పేరు రాయించుకోవడానికి డబ్బు అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో నమోదు ఉచితం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదిలి రావద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ వెనక్కి తెచ్చుకోండి.

మనకంటే ముందు నడిచినవాళ్లు

ఈ మూడిళ్లలో పిల్లలకు పని రాక పోలేదు. పనిలో ఏం ఎదురవుతుందో ముందు చెప్పేవాళ్లు, ఎదురైనప్పుడు పక్కన ఉండేవాళ్లు లేక పోయింది. మన ముందు ఎవరైనా ఈ పని చేశారా అని తెలుసుకున్నాం. చేశారు. చేసింది కూడా మనలాంటి సంఘాలే.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఎంప్లాయిమెంట్ జనరేషన్ అండ్ మార్కెటింగ్ మిషన్ పెట్టారు. ఈ.జి.ఎం.ఎం. అంటే మన ఆర్‌.పి. అక్కలకు గుర్తుకొస్తుంది. ఊళ్లలోని మహిళా సంఘాల ద్వారానే చదువు ఆపేసిన, పని లేని పిల్లల్ని గుర్తించి శిక్షణకు పంపేవాళ్లు. కొంచెం ఇంగ్లీషు, కంప్యూటరు, మాట తీరు నేర్పించి షాపుల్లో, సెక్యూరిటీలో, హోటళ్లలో పని చూపించేవాళ్లు. ఊరి నుంచి హైదరాబాద్ వచ్చిన పిల్లకు మొదటి జీతం చేతికి వచ్చేదాకా గది కిరాయికి, తిండికి డబ్బు ఉండదు. ఆ కొద్ది రోజుల్లోనే ఇంటికి తిరిగి పోయే భయం ఎక్కువ.

2014లో కేంద్రం తెచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో దీనికి ఒక ఏర్పాటు రాసిపెట్టారు. పని దొరికిన తర్వాత కూడా పిల్లలకు నెలకు 1,000 రూపాయల చొప్పున సాయం. సొంత జిల్లాలో పనైతే 2 నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లా అయితే 3 నెలలు, వేరే రాష్ట్రమైతే 6 నెలలు. పిల్ల చేరిన రోజును ఆ పథకం లెక్కలోకి తీసుకోదు. మూడు నెలలు పనిచేస్తేనే ఉద్యోగం వచ్చినట్టు లెక్క. అది గ్రామీణ పిల్లల పథకం, మన పట్నం పిల్లలకు వర్తించదు. ఆ లెక్క మాత్రం మనం తీసుకోవచ్చు. నిరుడు మేం రాసిన లెక్క కంటే అది నిజమైన లెక్క.

ఇంకో సంగతి ఆఫ్రికాలోని ఉగాండా దేశంలోది. అక్కడ మన ఐ.టి.ఐ. లాంటి వృత్తి విద్యా సంస్థల నుంచి బయటికి వచ్చే పిల్లలను, అదే చోట చదివి పనిలో కుదురుకున్న పాత విద్యార్థులతో మాట్లాడించారు. ఎక్కువగా ఫోన్లోనే. మాట్లాడిన పిల్లలు, అలా మాట్లాడనివాళ్ల కంటే త్వరగా పనిలో చేరారు. ఏడాది తర్వాత జీతం కూడా వాళ్లకే ఎక్కువ ఉంది. పాతవాళ్లు సిఫార్సు చేసి ఉంటారని మనం అనుకుంటాం. సిఫార్సు వల్ల వచ్చిన ఉద్యోగాలు తక్కువే. ఎక్కువ పనికొచ్చింది ఉన్నదున్నట్టు చెప్పిన మాట. "మొదటి పనిలో జీతం నువ్వు అనుకున్నంత ఉండదు. నాకూ లేదు. అయినా చేరు, పని నేర్చుకుంటావు, ఏడాదికి మారుతుంది" అని తెలిసిన మనిషి చెప్పడం. మొదటి జీతం మీద ఆశ కొంచెం తగ్గింది, రేపటి మీద ఆశ నిలబడింది.

ఇది విన్నప్పుడు మాకు ధైర్యం వచ్చింది. సిఫార్సు చేసే పలుకుబడి మనకు లేదు. ఉన్నదున్నట్టు చెప్పడం మనకు వచ్చు.

"మాకేం తెలుసు" అనొద్దు

తోడు ఉండమని అడిగితే మనవాళ్లు చాలామంది "మేం చదువుకోలే, పిల్లలకు మేమేం చెప్తం" అన్నారు. హాస్టల్లో వంట చేసే అక్కను అడుగుతున్నాం. తెల్లారి ఐదింటికి టైమ్‌కు పోవడం నీకు ఎవరు నేర్పారు? మేనేజరు అరిస్తే ఏ మాటకు జవాబు చెప్పాలో, ఏ మాటకు ఊరుకోవాలో నీకు తెలియదా? మొదటిసారి బ్యాంకుకు పోయినప్పుడు మేనేజరు ముందు మనకు కాళ్లు వణకలేదా? పక్కన పాత సంఘం లీడరు నిలబడితేనే కదా సంతకం పెట్టాం. పిల్లలకు కావలసింది అలా పక్కన నిలబడే మనిషే. కంప్యూటరు సంగతి, ఆఫీసు ఇంగ్లీషు సంగతి చెప్పడానికి ఏడాది, రెండేళ్లుగా పనిలో ఉన్న మన పిల్లలే ఉన్నారు. ఒక పెద్ద మనిషి, ఒక పనిచేసే పిల్ల లేదా పిల్లవాడు, ఇద్దరూ కలిసి ఒకరికి తోడు. ఈ ఏడాది కొంతమందికి ఇలాగే చేసి చూశాం.

చేరకముందు తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చోవాలి. అడగాల్సినవి ఐదు. చేతికి ఎంత వస్తుంది? పని గంటలు ఎన్ని, వారానికి సెలవు ఏ రోజు? నిలబడాలా, బరువులు మోయాలా? రాత్రి ఇంటికి ఎలా రావాలి? చేరినట్టు కాగితం ఇస్తారా?

రాత్రి ప్రయాణం సంగతి చిన్నది కాదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు, తెలంగాణ ఆధార్ చూపిస్తే చాలు. అందువల్ల పదివేల జీతం పని కూడా ఇప్పుడు గిట్టుతోంది. మెట్రో రైలులో ఆ వసతి లేదు. 2018 సెప్టెంబర్‌లో ఎల్‌.బి. నగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో వచ్చాక అవతలి వైపు ఉద్యోగాలకు పోవడం తేలికైంది గానీ, నెల చార్జీలు జీతంలోంచి తీసి చూసుకోవాలి. ఇథియోపియాలో అడిస్ అబాబా నగరంలో పని వెతుక్కునే యువతకు బస్సు చార్జీలు ఇచ్చి చూస్తే, వాళ్లు ఎక్కువ చోట్లకు పోయి పని వెతికారట. చార్జీ ఎంత పెద్ద అడ్డమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకా ముఖ్యం, ఆఖరి బస్సు ఎన్నింటికి, స్టాపు నుంచి ఇల్లు ఎంత దూరం, గల్లీలో లైటు ఉందా. ఇవి ఒక్కసారి నడిచి చూసి రావాలి.

మొదటి వారం రోజూ రాత్రి ఒక ఫోన్. "తిన్నవా, కూర్చున్నవా, ఎవరన్న ఏమన్న అన్నరా" అంతే. తర్వాత మూడు వారాలు వారానికోసారి. మొదటి జీతం రోజు చీటీ ముందు పెట్టుకుని తల్లీబిడ్డలతో లెక్క చూడాలి. రెండో నెల, మూడో నెల సంఘం సమావేశం రోజునే రెండు నిమిషాలు అడిగి పుస్తకంలో రాయాలి. కొత్త పుస్తకం అక్కర్లేదు. మినిట్స్ బుక్‌లోనే ఒక పేజీ.

చేయకూడనివి కూడా రాసుకున్నాం. పిల్లలకు తెలియకుండా వాళ్ల యజమానికి ఫోన్ చేయకూడదు. ఒకచోట మేం చేశాం. "అమ్మలను వెంటేసుకుని వచ్చిండు" అని తోటివాళ్లు నవ్వితే ఆ అబ్బాయి వారం రోజులు మాతో మాట్లాడలేదు. సంఘం పేరుతో ఎవరికీ పూచీ సంతకం పెట్టకూడదు. పిల్ల చెప్పిన గుట్టు తల్లి దగ్గర కూడా ఆ పిల్లను అడగకుండా చెప్పకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, మూడు నెలల లెక్క కోసం ఎవరినీ చెడు చోట ఉంచకూడదు. చెయ్యి వేసేవాళ్లు, వెకిలి మాటలు అనేవాళ్లు ఉంటే అది ఓర్చుకోవాల్సిన సంగతి కాదు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లోపలి కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోటైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. జరిగిన 3 నెలల లోపు ఇవ్వాలి. షీ టీమ్స్ ఉన్నాయి, 181 ఉంది, 112 ఉంది. అలా బయటికి వచ్చిన పిల్ల పేరు పక్కన "మానేసింది" అని రాయం. "మనం తీసుకొచ్చాం" అని రాస్తాం.

మన ఇంట్లో సంగతి

చివరగా మనల్ని మనం అనుకోవాల్సిన మాట ఒకటి ఉంది. మానేసిన ఆడపిల్లల్లో కొందరు షాపు వల్ల మానలేదు. ఇంటి వల్ల మానేశారు. రాత్రి పదింటికి వచ్చిన పిల్ల ముందు గిన్నెలు పెట్టాం. అదే పనికి పోయి వచ్చిన కొడుకుకు అన్నం పెట్టాం. జీతం పడగానే ఏటీఎం కార్డు మనం తీసుకున్నాం, ఆ పిల్ల చెప్పుల కోసం వంద అడిగితే "ఎందుకు" అన్నాం. చుట్టాలు "పిల్ల రాత్రిపూట వస్తుందట" అంటే మనమే ముందు భయపడి ఆపేశాం. సంబంధాలు చూస్తున్నామని రెండో నెలలో మాన్పించిన ఇల్లు ఉంది. ఆ సంబంధం కుదరలేదు. ఆ ఉద్యోగమూ పోయింది.

మనం సంఘంలో ఎందుకు చేరాం? మన పేరు మీద ఒక ఖాతా, మన చేతిలో నాలుగు రూపాయలు, ఇంట్లో మన మాటకు ఒక విలువ ఉండాలని. మన బిడ్డకు కూడా అదే కావాలి. ఖాతా పిల్ల పేరు మీదే ఉండాలి, కార్డు పిల్ల దగ్గరే ఉండాలి. ఇంటికి ఎంత ఇవ్వాలో కూర్చుని మాట్లాడుకోవాలి. గిన్నెలు అందరివీ కాబట్టి అందరూ కడగాలి.

మేం అడుగుతున్నది

ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి బస్తీ సమాఖ్య నుంచి ఇద్దరు తోడు మనుషులను ఇవ్వాలి, ఒక పెద్దామె, ఒక పనిచేసే యువతి. రెండు, పిల్లల ఉద్యోగం పేరు మీద అప్పు అడిగితే, ఇచ్చేముందు మా ఉపసంఘం ఆ చోటు చూసి రావాలి. అప్పు ఆపడానికి కాదు, డబ్బు ఎక్కడికి పోతుందో చూడటానికి. మూడు, వచ్చే ఏటి నివేదికలో "చేరినవారు" గడి పక్కన "మూడు నెలలు దాటినవారు" అనే గడి ఉండాలి.

రెండో గడిలో అంకె చిన్నదిగా ఉంటుంది. ఇప్పుడే చెప్తున్నాం. నిరుడు కొట్టినంత గట్టిగా చప్పట్లు పడకపోవచ్చు. ఫరవాలేదు. నిరుడు భోజనాల దగ్గర అడిగిన అక్క ఈ రోజు కూడా వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. ఆమె కొడుకు మళ్లీ పనిలో చేరి ఇవాళ్టికి నలభై రోజులు. ఇంకా మూడు నెలలు కాలేదు, అందుకని ఆ పేరు రెండో గడిలో రాయలేదు. నిన్న రాత్రి ఫోన్ చేశాం. "కూర్చునే చేస్తున్న ఆంటీ, తిన్న" అన్నాడు.

వచ్చే ఏడాది ఆ అక్క అడగకముందే జవాబు చెప్తాం.